ముగ్గురు పిల్లల జాడ: డిటెక్టివ్ ఫ్రాంక్ గేయర్ దర్యాప్తు

సభకు నమస్కారం. నేర పరిశోధన చరిత్రలో ఏదైనా ఒక కేసును ఎంచుకొని మాట్లాడమని నిర్వాహకులు కోరినప్పుడు, నేను హెచ్. హెచ్. హోమ్స్ కేసును తీసుకున్నాను. ఈ పేరు విన్నవారిలో చాలామందికి చికాగోలో అతడు కట్టించిన భవనం గురించి, దానిని పత్రికలు హత్యల కోటగా వర్ణించడం గురించి, 1893 నాటి ప్రపంచ ప్రదర్శన చూడడానికి వచ్చిన వందలాది మందిని అక్కడ చంపాడన్న కథల గురించి ఎంతో కొంత తెలిసి ఉంటుంది. ఆ కథల్లో పెద్ద భాగం పత్రికలు పెంచి రాసినది, ఆ తరువాత పుస్తకాలు వాటిని ఇంకా పెంచాయి. అతని చేత చనిపోయిన ముగ్గురు పిల్లలను ఊరూరా వెతికి కనిపెట్టిన ఫిలడెల్ఫియా పోలీసు డిటెక్టివ్ ఫ్రాంక్ గేయర్ గురించి మాత్రం చాలా తక్కువ మందికి తెలుసు. ఈ ఉపన్యాసంలో నేను ఎక్కువగా గేయర్ గురించీ, ఆ పిల్లల గురించీ మాట్లాడతాను. హోమ్స్ గురించి అవసరమైనంత వరకే చెబుతాను.

అతని అసలు పేరు హెర్మన్ వెబ్‌స్టర్ మడ్జెట్. 1861లో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని గిల్మంటన్‌లో పుట్టాడు, 1884లో మిషిగన్ విశ్వవిద్యాలయం నుంచి వైద్య పట్టా పుచ్చుకున్నాడు, తరువాత చికాగో దక్షిణ భాగంలోని ఎంగిల్‌వుడ్‌లో హోమ్స్ అనే పేరుతో స్థిరపడ్డాడు. అప్పులు ఎగవేయడం, తప్పుడు పత్రాలు పుట్టించడం, బీమా సంస్థలను మోసగించడం అతని బ్రతుకుతెరువు. ఆ మోసాల్లో అతనికి కుడిభుజంగా ఉన్నవాడు బెంజమిన్ పిట్‌జెల్ అనే వడ్రంగి. పిట్‌జెల్‌కు భార్య క్యారీ, అయిదుగురు సంతానం. పెద్దమ్మాయి డెస్సీ, తరువాత 15 ఏళ్ల ఆలిస్, 11 ఏళ్ల నెల్లీ, 8 ఏళ్ల హోవర్డ్, చంటిబిడ్డ వార్టన్.

వాళ్లిద్దరూ వేసుకున్న పథకం ఇది. పిట్‌జెల్ పేరు మీద ఫిలడెల్ఫియాకు చెందిన ఫిడెలిటీ మ్యూచువల్ సంస్థ వద్ద 10,000 డాలర్ల జీవిత బీమా తీయాలి. అతడు మారుపేరుతో ఆ ఊరిలో ఒక దుకాణం తెరవాలి. ఎక్కడినుంచో ఒక శవాన్ని తెచ్చి, ప్రమాదంలో పిట్‌జెలే చనిపోయినట్లు చూపించి డబ్బు పంచుకోవాలి. పిట్‌జెల్ ఈ పథకాన్ని నమ్మి, బి. ఎఫ్. పెర్రీ అనే పేరుతో క్యాలోహిల్ వీధిలో దుకాణం పెట్టాడు. 1894 సెప్టెంబర్ 4న ఆ ఇంట్లో ముఖం కాలిపోయిన ఒక శవం బయటపడింది. అది ఎక్కడినుంచో తెచ్చిన శవం కాదు, పిట్‌జెల్‌దే. రెండు రోజుల ముందు హోమ్స్ అతన్ని నిజంగానే చంపివేశాడు. అయితే భర్త ఎక్కడో క్షేమంగా దాగి ఉన్నాడనీ, పథకం అనుకున్నట్లే జరిగిందనీ క్యారీని నమ్మించాడు. శవాన్ని గుర్తుపట్టడానికి కుటుంబంలోని ఒకరు రావాలి కాబట్టి ఆలిస్‌ను ఫిలడెల్ఫియాకు రప్పించాడు. పదిహేనేళ్ల ఆ పిల్ల తన తండ్రి శవాన్ని చూసి గుర్తుపట్టింది, బీమా సంస్థ డబ్బు చెల్లించింది.

ఆ తరువాత జరిగినది వింటే మనసు తట్టుకోవడం కష్టం. ఆలిస్ కెంటకీలో ఒక మంచి ముసలావిడ సంరక్షణలో ఉందని క్యారీకి చెప్పి, ఆమె దగ్గరికే తీసుకువెళతానని నెల్లీనీ, హోవర్డ్‌నూ కూడా హోమ్స్ తన వెంట తీసుకుపోయాడు. అక్కడినుంచి అతడు ఒకే సమయంలో మూడు బృందాలను ఊరి నుంచి ఊరికి నడిపించాడు. ముగ్గురు పిల్లలు ఒక బృందం. భర్తను కలవబోతున్నానన్న ఆశతో డెస్సీనీ, చంటిబిడ్డనూ వెంటబెట్టుకొని తిరిగిన క్యారీ రెండో బృందం. హోమ్స్ పెళ్లాడిన జార్జియానా అనే యువతి మూడో బృందం. ఒకరి ఉనికి మరొకరికి తెలియదు. డెట్రాయిట్‌లో తల్లి దిగిన హోటలుకూ, కూతుళ్లు దిగిన బసకూ మధ్య దూరం కొద్ది వీధులే. అంత దగ్గరలో ఉండి కూడా వాళ్లు ఒకరినొకరు చూసుకోలేదు.

ఈ మోసం బయటపడింది కూడా హోమ్స్ అల్పబుద్ధి వల్లనే. సెయింట్ లూయిస్ జైలులో కొంతకాలం ఉన్నప్పుడు, మారియన్ హెడ్జ్‌పెత్ అనే పేరుమోసిన రైలు దొంగకు తన బీమా పథకం సంగతి చెప్పి, మంచి వకీలు పేరు చెప్పమని అడిగి, అందుకు 500 డాలర్లు ఇస్తానని మాట ఇచ్చి, ఇవ్వకుండా ఎగవేశాడు. ఒళ్లు మండిన హెడ్జ్‌పెత్ మొత్తం పథకాన్ని ఉత్తరంగా రాసి అధికారులకు పంపాడు. బీమా సంస్థ పింకర్టన్ అనే ప్రైవేటు ఏజెన్సీ డిటెక్టివులను వెంట పంపింది, 1894 నవంబర్ 17న బోస్టన్‌లో హోమ్స్ పట్టుబడ్డాడు. టెక్సస్‌లో అతని మీద గుర్రాల దొంగతనం కేసు ఉండడంతో, అక్కడికి పంపుతారేమోనన్న భయంతో అతడు బీమా మోసాన్ని తానే ఒప్పుకొని ఫిలడెల్ఫియాకు రావడానికి సిద్ధపడ్డాడు. మోసానికి పడే శిక్ష కొద్దికాలమే అని అతనికి తెలుసు.

ఇక పిల్లలెక్కడ అన్న ప్రశ్నకు అతని దగ్గర ఎప్పుడూ ఒక జవాబు ఉండేది, ఆ జవాబు మారుతూ ఉండేది. మొదట పిల్లలు తండ్రితో ఉన్నారన్నాడు. తరువాత మిన్నీ విలియమ్స్ అనే స్త్రీ వారిని ఇంగ్లండుకు తీసుకువెళ్లిందన్నాడు. లండన్‌లో ఒక వీధి పేరు కూడా చెప్పాడు. అటువంటి వీధి లండన్‌లో లేదని తేలింది. మిన్నీ విలియమ్స్ కూడా, ఆమె చెల్లెలు కూడా అప్పటికే హోమ్స్ పరిచయంలోకి వచ్చి ఎవరికీ కనిపించకుండా పోయినవారే. 1895 జూన్ వచ్చేసరికి పిల్లలు బ్రతికిలేరన్న అనుమానం అందరిలోనూ బలపడింది. కానీ అనుమానంతో ఏ న్యాయస్థానమూ ఎవరినీ శిక్షించలేదు. అప్పుడు జిల్లా ప్రాసిక్యూటర్ జార్జ్ గ్రాహమ్ ఈ పనిని గేయర్‌కు అప్పగించారు.

గేయర్ అప్పటికి నలభై దాటిన మనిషి, రెండు దశాబ్దాలుగా ఫిలడెల్ఫియా పోలీసు శాఖలో ఉన్నవారు. అదే సంవత్సరం మార్చిలో ఆయన ఇంట్లో అగ్నిప్రమాదం జరిగి భార్య, కూతురు చనిపోయారు. ఆ దుఃఖానికీ ఈ గాలింపుకూ ముడిపెట్టి మాట్లాడడం చాలామందికి అలవాటు. ఆయన మనసులో ఏముందో ఊహించి చెప్పే హక్కు నాకు లేదనుకుంటాను. ఆయన పనిని ఆయన పనిగానే చూసినా మెచ్చుకోవలసినది చాలా ఉంది.

జూన్ 26న బయలుదేరేటప్పుడు ఆయన చేతిలో ఉన్న ఆధారాలు రెండు రకాలవి. ఒకటి హోమ్స్ చెప్పిన మాటలు. రెండోది హోమ్స్ సామానులో దొరికిన ఒక రేకు పెట్టె. పిల్లలు అమ్మకూ, తాతయ్య అమ్మమ్మలకూ రాసిన ఉత్తరాలను పోస్టు చేస్తానని తీసుకొని హోమ్స్ పోస్టు చేయలేదు. అలాగని చింపివేయనూ లేదు, ఆ పెట్టెలో దాచిపెట్టుకున్నాడు. చలి ఎక్కువగా ఉందనీ, పలుచటి జాకెట్టుతో వణికిపోతున్నాననీ, కోటు కావాలని అమ్మకు చెప్పమనీ ఆలిస్ రాసింది. రోజంతా గదిలో కూర్చొని బొమ్మలు గీసుకోవడం తప్ప చేసేదేమీ లేదనీ, ఇంటి మీద బెంగగా ఉందనీ రాసింది. తమ్ముడు వార్టన్ ఈపాటికి నడుస్తుండాలని రాసింది. డెట్రాయిట్ నుంచి అక్టోబర్ 14న రాసిన ఉత్తరంలో, హోవర్డ్ ఇప్పుడు మాతో లేడు అన్న ఒక్క వాక్యం ఉంది.

గేయర్ గొప్పతనం నాకు ఇక్కడే కనిపిస్తుంది. అంత తియ్యగా, అంత నమ్మకంగా మాట్లాడే నేరస్థుడిని నెలల తరబడి ప్రశ్నించి ఎవరూ సాధించనిదాన్ని, ఆయన ఆ పిల్లల ఉత్తరాల్లోని ఊర్ల పేర్లనూ, తేదీలనూ పట్టుకొని సాధించారు. హోమ్స్ మాటలను పూర్తిగా పక్కనబెట్టి, ఉత్తరాలు చెప్పిన దారిలోనే ఊరూరా నడిచారు.

మొదటి ఊరు సిన్సినాటి. హోటళ్ల రిజిస్టర్లు ఒక్కొక్కటీ తిరగేస్తుంటే, 1894 సెప్టెంబర్ 28న ముగ్గురు పిల్లలతో దిగిన అలెక్స్ ఇ. కుక్ అనే పేరు ఒకచోట దొరికింది. ఫొటోలు చూపిస్తే హోటలు గుమాస్తా గుర్తుపట్టాడు. అయితే హోటలు గదులతో కథ ముందుకు సాగడం లేదు. ఆ దశలో గేయర్ తనకు తాను వేసుకున్న ప్రశ్న ఈ దర్యాప్తుకు ప్రాణం. ఒక పిల్లను చంపి శవాన్ని దాచదలచినవాడికి హోటలు పనికిరాదు. ఎవరూ రాని నాలుగు గోడలు కావాలి, తవ్వడానికి నేల కావాలి. అంటే అతడు ఇల్లు అద్దెకు తీసుకొని ఉండాలి, అదీ కొద్ది రోజులకే. అలా ఇళ్లు అద్దెకు ఇప్పించే ఏజెంట్ల కార్యాలయాలకు వెళ్లి, ముందుగా అద్దె కట్టి, రెండు మూడు రోజులకే ఖాళీ చేసిన మనిషి ఎవరైనా ఉన్నాడా అని అడగడం మొదలుపెట్టారు.

సిన్సినాటిలోనే ఆ ప్రశ్నకు ఫలితం దక్కింది. పాప్లర్ వీధిలో ఒక ఇంటిని ఎ. సి. హేస్ అనే పేరుతో ఒకతను అద్దెకు తీసుకున్నాడనీ, అతని వెంట ఒక చిన్న పిల్లవాడు ఉన్నాడనీ తెలిసింది. ఆ ఇంటి పక్కన ఉండే ఒక మహిళ చెప్పిన సంగతి మరీ ముఖ్యమైనది. ఇంట్లోకి కుర్చీలు, మంచాలు ఏమీ రాలేదు. బండి మీద నుంచి దిగినది ఒకే ఒక్క వస్తువు, ఒక పెద్ద ఇనుప పొయ్యి. ఒక ఇంటికి సరిపడే దానికంటే చాలా పెద్దది. ఆమె వింతగా చూడడం హోమ్స్ గమనించాడు. మరునాడు ఉదయమే ఆమె తలుపు తట్టి, తాను ఈ ఇంట్లో ఉండడం లేదనీ, పొయ్యిని ఆమె తీసుకోవచ్చనీ చెప్పి వెళ్లిపోయాడు. ఒక పొరుగింటి మనిషి కుతూహలంతో బయటికి చూడడం ఆ రోజుకు ఒక పిల్లవాడి ప్రాణాన్ని కాపాడి ఉండవచ్చునని నేను నమ్ముతాను.

ఇండియానాపొలిస్‌లో పిల్లలు తల్లి పుట్టింటి పేరైన క్యానింగ్ పేరుతో అక్టోబర్ 10 వరకు ఉన్నట్లు తెలిసింది. పిల్లవాడు అల్లరివాడనీ, వాడిని ఏదైనా ఆశ్రమంలో చేర్చాలనుకుంటున్నాననీ హోమ్స్ చెప్పినట్లు ఆ హోటలు నడిపినతను గుర్తుచేసుకున్నాడు. డెట్రాయిట్‌కు వచ్చేసరికి రిజిస్టరులో ఇద్దరు ఆడపిల్లల పేర్లే ఉన్నాయి, ఆలిస్ ఉత్తరంలోని వాక్యమూ అదే చెబుతోంది. అక్కడ హోమ్స్ అద్దెకు తీసుకున్న ఒక ఇంటి నేలమాళిగలో తవ్విన గొయ్యి కనిపించింది గానీ అందులో ఏమీ లేదు.

తరువాత టొరంటో. అక్కడి డిటెక్టివ్ అల్ఫ్ కడ్డీతో కలిసి గేయర్ హోటళ్లన్నీ తిరిగారు. ఆల్బియన్ హోటలులో ఇద్దరు బాలికలు ఉన్నారనీ, ఒక పెద్దమనిషి రోజూ వచ్చి వాళ్లను బయటికి తీసుకువెళ్లి సాయంత్రానికి తిరిగి తెచ్చేవాడనీ, అక్టోబర్ 25 తరువాత వాళ్లు కనిపించలేదనీ గుమాస్తా చెప్పాడు. అక్కడినుంచి ఇళ్ల ఏజెంట్ల గడపలు తొక్కడం. రోజుల తరబడి తిరిగినా దారి దొరకకపోయేసరికి గేయర్ పత్రికలవారిని పిలిచి, తాను దేనికోసం వెతుకుతున్నదీ వివరంగా చెప్పారు. దర్యాప్తు వివరాలను దాచిపెట్టడమే పోలీసు పద్ధతి అనుకునే రోజుల్లో ఇది తెలివైన పని. పత్రికల్లో చదివిన పట్టణమంతా ఆయన తరఫున వెతకడం మొదలుపెట్టింది. ఊరి శివార్లలో ఎత్తైన కంచె ఉన్న ఒక ఇంటి గురించి మొదట సమాచారం వచ్చింది. తవ్వితే ఏమీ దొరకలేదు. గేయర్ నిరాశపడ్డారు గానీ ఆగలేదు.

చివరికి సెయింట్ విన్సెంట్ వీధిలోని 16వ నంబరు ఇంటి పక్కన ఉండే ఒక పెద్దాయన పత్రికలు చదివి ముందుకు వచ్చాడు. క్రితం అక్టోబరులో ఆ ఇంట్లో దిగిన మనిషి ఒక మంచం, పరుపు, ఒక పెద్ద ట్రంకు పెట్టె తప్ప సామాను ఏమీ తేలేదనీ, నేలమాళిగలో బంగాళాదుంపలు దాచుకోవడానికి గుంట తవ్వాలంటూ తన దగ్గర పార అరువు తీసుకున్నాడనీ చెప్పాడు. ఫొటో చూపిస్తే ఇంటి యజమానురాలు కూడా హోమ్స్‌ను గుర్తుపట్టింది. 1895 జూలై 15న గేయర్, కడ్డీ అదే పెద్దాయన దగ్గర పార అడిగి తీసుకొని ఆ ఇంటి నేలమాళిగలోకి దిగారు. సుమారు మూడు అడుగుల లోతున ఆలిస్, నెల్లీల శరీరాలు బయటపడ్డాయి. క్యారీ పిట్‌జెల్ టొరంటోకు వచ్చి తన బిడ్డలను గుర్తుపట్టవలసి వచ్చింది. భర్త దాగి ఉన్నాడనీ, పిల్లలు క్షేమమనీ నమ్మి ఊరూరా తిరిగిన ఆ తల్లిని అంతకుముందు ఈ మోసంలో భాగస్వామిగా అనుమానించి అరెస్టు కూడా చేశారు.

ఈ వార్త వెలువడిన తరువాతే చికాగో పోలీసులు ఎంగిల్‌వుడ్ భవనాన్ని తవ్వడం మొదలుపెట్టారు, పత్రికలు దాని చుట్టూ కథలు అల్లడం మొదలుపెట్టాయి. ఆగస్టులో ఆ భవనం అగ్నిప్రమాదంలో చాలావరకు కాలిపోయింది. దేశమంతా చికాగో వైపు చూస్తున్న ఆ రోజుల్లో గేయర్ ఇండియానా రాష్ట్రంలో ఒక పిల్లవాడి కోసం వెతుకుతున్నారు.

ఇద్దరు బాలికలు దొరికారు కాబట్టి హోమ్స్‌ను నిలదీయడానికి ఇంతే చాలునని కొందరు అనుకొని ఉండవచ్చు. గేయర్ అలా అనుకోలేదు. డెట్రాయిట్‌ను మరోసారి పరిశీలించి, హోవర్డ్ డెట్రాయిట్ చేరలేదని తేల్చుకున్నారు. బీమా సంస్థ తరఫున ఇన్‌స్పెక్టర్ గ్యారీ ఆయనకు తోడయ్యారు. ఇండియానాపొలిస్‌లోనూ, చుట్టుపక్కల పల్లెల్లోనూ ఏజెంట్లను అడుగుతూ, ప్రజలు పంపిన సమాచారాన్నంతా పరీక్షిస్తూ ఆగస్టు గడిచింది. ఆయన స్వయంగా రాసిన లెక్క ప్రకారం 900 ఆనవాళ్లను పరీక్షించి వట్టివని తేల్చారు. చుట్టుపక్కల ఊళ్లన్నీ అయిపోయి, ఒక్క ఇర్వింగ్టన్ మాత్రం మిగిలింది.

ఆగస్టు 27న ఇర్వింగ్టన్‌లో ఒక వృద్ధ ఏజెంటు ఫొటో చూడగానే గుర్తుపట్టాడు. ఏడాది కిందట వచ్చిన ఒక అద్దెదారు ఏడాది తరువాత కూడా గుర్తుండడానికి కారణమేమంటే, ఆ మనిషి తాళాలు అడిగేటప్పుడు తన వయసుకు కూడా మర్యాద ఇవ్వకుండా దురుసుగా మాట్లాడాడట. ఎందరినో మాటలతో మాయచేసిన హోమ్స్, తనకు ఉపయోగపడడనుకున్న ఒక ముసలివాడి దగ్గర మర్యాద చూపనవసరం లేదనుకున్నాడు.

ఆ ఇంటి అరుగు కింద ఒక ట్రంకు పెట్టె ముక్కలు దొరికాయి. పెట్టెకు పగులు కప్పడానికి అతికించిన పూల గుడ్డ ముక్కను గురించి తంతి పంపి అడిగితే, అది పిట్‌జెల్ కుటుంబం పెట్టేనని క్యారీ నుంచి జవాబు వచ్చింది. కొట్టంలో పెద్ద ఇనుప పొయ్యి కనిపించింది. దాన్ని బిగించడంలో సహాయం చేసిన ఒక కుర్రవాడు, గ్యాసు పొయ్యి ఎందుకు వాడరని హోమ్స్‌ను అడిగాడట. గ్యాసు పిల్లల ఆరోగ్యానికి మంచిది కాదని హోమ్స్ జవాబిచ్చాడట. ఆ సమయంలో హోవర్డ్ అక్కడే నిలబడి ఉన్నాడు. సాయంత్రం ఇద్దరు కుర్రాళ్లు పొగగొట్టం అడుగున చేయి పెట్టి బూడిదలో నుంచి ఎముక ముక్కలు బయటికి తీశారు. వైద్యులు పరీక్షించి దంతాలు, దవడ ఒక చిన్న పిల్లవాడివేనని చెప్పారు. హోవర్డ్ కోటు, ప్రపంచ ప్రదర్శనలో తండ్రి కొనిపెట్టిన ఒక రేకు బొమ్మ కూడా దొరికాయి, తల్లి వాటిని గుర్తుపట్టింది.

గేయర్ కనిపెట్టినవి బయటపడకముందు హోమ్స్ మీద ఉన్నది బీమా మోసం కేసు ఒక్కటే. 1895 సెప్టెంబరులో ఫిలడెల్ఫియా గ్రాండ్ జ్యూరీ, అంటే అభియోగం మోపాలో లేదో నిర్ణయించే పౌరుల బృందం, బెంజమిన్ పిట్‌జెల్ హత్యకు అతని మీద అభియోగం మోపింది. హోవర్డ్ విషయంలో ఇండియానాపొలిస్, బాలికల విషయంలో టొరంటో కూడా అభియోగాలు సిద్ధం చేశాయి. విచారణ అక్టోబర్ 28న న్యాయమూర్తి మైఖేల్ ఆర్నాల్డ్ ఎదుట మొదలైంది. మొదట కొంతసేపు హోమ్స్ వకీళ్లు లేకుండా తన కేసు తానే వాదించుకున్నాడు. గ్రాహమ్ వేర్వేరు ఊళ్లనుంచి సాక్షులను రప్పించి, పిల్లల హత్యలను కూడా జ్యూరీ ముందు ఉంచాలని చూశారు. విచారిస్తున్నది పిట్‌జెల్ హత్య మాత్రమే కనుక ఆ సాక్ష్యం చెల్లదని న్యాయమూర్తి తోసిపుచ్చారు. అంత కష్టపడి తెచ్చిన సాక్ష్యాన్ని వినకపోవడం అన్యాయంగా తోచవచ్చు. నా అభిప్రాయంలో ఆ తీర్పు సరైనది. ఆ బాలికల గురించి విన్న జ్యూరీ పిట్‌జెల్ మరణం గురించి నిష్పక్షపాతంగా ఆలోచించగలిగేది కాదు. ఆ సాక్ష్యం లేకుండానే నవంబర్ 2న జ్యూరీ హోమ్స్‌ను దోషిగా తేల్చింది. పైకోర్టు అప్పీలును కొట్టివేసింది. 1896 మే 7న ఫిలడెల్ఫియాలోని మోయమెన్సింగ్ జైలులో అతన్ని ఉరితీశారు.

ఉరికి కొద్ది వారాల ముందు, డబ్బు పుచ్చుకొని, 27 మందిని చంపానని అతడు ఒక వాంగ్మూలాన్ని పత్రికలకు అమ్మాడు. అందులో పేర్కొన్న వారిలో కొందరు అప్పటికి బ్రతికే ఉన్నారు. పరిశోధకులు నమ్మదగినవిగా ఎంచిన హత్యలు సుమారు తొమ్మిది. వందల సంఖ్య చెప్పే రాతలన్నీ అతని అబద్ధాన్ని అతనికంటే పెద్దది చేశాయి. గేయర్ తన దర్యాప్తును 1896లో పుస్తకంగా ప్రచురించారు, 1918లో చనిపోయారు. ఆ పుస్తకంలో హోటలు రిజిస్టర్ల పేర్లు, తేదీలు, ఏజెంట్ల జవాబులు, ఆలిస్, నెల్లీల ఉత్తరాలు ఉన్నాయి. హోమ్స్ గురించి చదవాలనుకునే వారికి నేను మొదట ఆ ఉత్తరాలను చదవమనే చెబుతాను.